కాలువ కట్టేసిన నెల

ఏప్రిల్ నెలాఖరున
ధవళేశ్వరంలో తలుపులు దించేస్తే
నాలుగో రోజుకి మా చింతలమెరక కాలువ
అడుగంతా బయటపెట్టుకుని పడుకుంటుంది.
ఏడాదంతా నీళ్లు మా పరువు కోసం కప్పిపెట్టినవన్నీ
బురదలో కూర్చుని మావంక చూస్తాయి:
ఒంటికాలి హవాయి చెప్పు, షాంపూ ప్యాకెట్లు,
రొయ్యల మేత సంచులు, పటం ఊడిన చట్రం,
ఎవరి పెళ్లిలోనో
వెయ్యిమంది తాగి పారేసిన గ్లాసులు.

లస్కరు బుల్లియ్య తూములోకి దిగి
కొక్కెం కర్రతో లాగుతున్నాడు.
ఏదో అడ్డుపడింది, రానంటోంది.
ఇంకో ఇద్దరు చెయ్యేస్తే ఊడొచ్చింది
గేదె దూడంత ముద్ద.
గుడ్డపేలికలు.

గట్టు మీద అందరూ వంగి చూశారు.
నేనూ వంగాను.
నీలం మీద తెల్ల చుక్కలు
పోశిరత్నం చెల్లెలి జాకెట్టు.
ఆ ఆకుపచ్చది, చేతులకి కుచ్చులు పెట్టమని
మూడుసార్లు విప్పించిన పోస్టుమాస్టరు కోడలిది.
ఊళ్లో మిషను కుట్టేది నేనొక్కదాన్నే.

బుల్లియ్య ఏమీ అనలేదు.
టీకొట్టు కరీముల్లా అన్నాడు:
"ఏం సూర్యావతీ, తూముకి కొలత సరిపోయిందా?"
అందరూ నవ్వారు.
నేనూ నవ్వాను, గొంతు దాకా.

ఆ రాత్రి బీరువా అడుగు నుంచి
మా ఆయన పాత లుంగీలు తీసి
పొద్దుటికి పదకొండు సంచులు కుట్టాను.
మొదటిది కరీముల్లాకే ఇచ్చాను, నవ్వినందుకు.
వాడు మర్నాడు అట్టముక్క మీద రాసి కట్టాడు:
గిన్నె తెచ్చుకుంటే టీ పార్శిలు రూపాయి తక్కువ.
చేపల దైవకృపమ్మ బాదమాకుల్లో
కొరమీను ముక్కలు పొట్లం కట్టి
"మా అత్త ఇలాగే కట్టేది, ముసల్దానికి తెలిసే కట్టింది" అంది.
గ్రూపు మీటింగులో అప్పుల లెక్క తేలాక
తొక్కలకో గొయ్యి, సీసాలకో గోనె అనుకున్నాం.
కొబ్బరిచెట్టు మొదట్లో తవ్విన గొయ్యిలో
మా కోడి ముందుగా కాపురం పెట్టింది.

అన్నీ సజావుగా సాగాయని చెప్పను.
రెండో వారానికే తొక్కల గొయ్యిలో టార్చిలైటు బ్యాటరీలు.
పెదబేబులు గారు సాయంత్రమయ్యేసరికి
పెరట్లో కవర్లు తగలెడుతూనే ఉన్నారు,
దోమలు పోతాయండీ అంటారు.
దోమలు పోలేదు. వాళ్ల మనవడి దగ్గూ పోలేదు.
నేను మాత్రం?
ఒక రాత్రి ఒళ్లు బద్ధకించి
ముక్కల మూట పట్టుకుని గట్టుదాకా నడిచాను.
చీకట్లో ఖాళీ కాలువ.
విసిరితే చప్పుడు వినపడుతుంది.
నీళ్లున్నప్పుడు ఇంత చప్పుడయ్యేది కాదు.
మూటతోనే ఇంటికొచ్చి
తలగడలో కూరాను.

జూన్‌లో నీళ్లొదిలారు.
ఎండిన బురద మీద పాకుతూ వచ్చే ఎర్రటి నీటి నాలుక వెంట
పిల్లలు పరిగెత్తారు.
శుభ్రం చేసిన మా తూము దగ్గర
మేమంతా పెళ్లివారిలా నిలబడ్డాం.
నీళ్లకంటే ముందు నురగ,
నురగ కంటే ముందు
కవర్లు, సీసాలు, థర్మాకోల్ పెట్టె ఒకటి
తలెత్తుకుని మరీ వచ్చాయి.

"పైలాకోళ్ల చెత్త!" పోశిరత్నం చీర దోపుకుంది,
ఆ ఊరు వెళ్లి కడిగేస్తానని.
బుల్లియ్య కొక్కెం కర్ర తడి తుడుస్తూ
ఆ ఏటికి మొదటిసారి నోరు తెరిచాడు:
"కిందోళ్లు మనల్ని ఇన్నేళ్లూ ఏమనుకున్నారో."

ఎవరూ మాట్లాడలేదు.
నీళ్లు మాత్రం తూములోంచి
గడగడమంటూ కిందికి పోయాయి.

కర్రకి తగిలిన తీగలోంచి
నేనో పేలిక విడదీశాను.
గళ్ల చొక్కా ముక్క. అంచు నీటుగా కత్తిరించింది.
మంచి పనిమంతుడే, కత్తెర కొత్తది.

పైలాకు లస్కరు సైకిలు మీద వెళ్తుంటే
ఆపి ఒక లుంగీ సంచి ఇచ్చాను,
లోపల ఆ ముక్క ఉతికి, ఇస్త్రీ చేసి పెట్టి.
మీ ఊరి టైలరుకి ఇవ్వండి, అన్నాను.
పేరేంటో నాకు తెలీదు.

ఈ వారం గళ్ల ముక్కలు కాస్త తగ్గినట్టే ఉన్నాయి.
మూఢాలు గామోసు.
చూడాలి.